వెనక్కి తన్నని తుపాకి

ఫైన్‌వెర్క్‌బావ్ 300ఎస్ తొలిచూపులోనే కట్టిపడేసే రకం కాదు. నిరాడంబరమైన చెక్క, బరువైన బారెల్, కుడిపక్కన ఒదిగి ఉన్న లీవర్, అంతే. తుపాకుల సంస్థ మౌజర్‌లో పనిచేసిన కార్ల్ వెస్టింగర్, ఎర్న్‌స్ట్ ఆల్టెన్‌బుర్గర్ అనే ఇంజనీర్లు రెండో ప్రపంచయుద్ధం తర్వాత జర్మనీలోని ఓబర్న్‌డార్ఫ్‌లో పెట్టిన సంస్థ 1970లలో తెచ్చిన ఎయిర్ రైఫిల్ ఇది. దీని సొగసంతా పేలే క్షణంలోనే ఉంది.

స్ప్రింగుతో నడిచే మామూలు ఎయిర్ రైఫిల్‌ది చపలబుద్ధి. ట్రిగ్గర్ నొక్కగానే లోపలి పిస్టన్ ముందుకు దూకుతుంది, తుపాకి వెనక్కి తంతుంది. పిస్టన్ ఆగగానే మళ్ళీ ముందుకు ఊగుతుంది. పెల్లెట్ బారెల్ దాటకముందే ఈ అలజడి మొదలవుతుంది. 300ఎస్ దాన్ని అణచిపెట్టదు, దారి ఇస్తుంది. బారెల్, పిస్టన్ గది రెండూ కలిసి పట్టాల మీద కాస్త వెనక్కి జారతాయి. భుజానికి ఆనిన చెక్క మాత్రం కదలదు. కంటి ముందున్న సైటు వెంట్రుకవాసి దగ్గరకొచ్చినట్టు అనిపిస్తుంది. జరిగిన కుదుపుకు అదొక్కటే సూచన. నేరుగా చెప్పకుండా స్ఫురింపజేయడాన్ని ఆలంకారికులు ధ్వని అన్నారు, ఇదీ అలాంటిదే.

గురి చూడటంలోనూ ఒక కూర్పు ఉంది. వెనక సైటులో సన్నని రంధ్రం, ముందు సైటులో వలయం, పది మీటర్ల దూరాన 30.5 మిల్లీమీటర్ల నల్లని గుండ్రం. ఒకదానిలో ఒకటి ఇమిడి, నలుపు చుట్టూ తెల్లటి అంచు సమంగా నిలవాలి. ఇవాళ్టి లక్ష్యపత్రంలో నట్టనడిమి పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరే, పెల్లెట్ వ్యాసం 4.5 మిల్లీమీటర్లు. సరిగ్గా తగిలితే ఆ చుక్క ఉండదు. దేనికి గురిపెట్టామో అది కనబడకపోవడమే గురి కుదిరిందనడానికి సాక్ష్యం.

ఇదంతా పేల్చేవాడి చూపు. రేపు ఎంతకు పోతుందని లెక్కవేసే చూపు వేరు. దానికి కావలసింది అసలు పెట్టె, గీత పడని చెక్క, వెలవని నల్లపూత. ఆ చూపుతో కొన్నవాడు పేల్చడానికి జంకుతాడు. కానీ బీరువాలో దాచినంత మాత్రాన వస్తువు నిలవదు. ఆ కాలపు జర్మన్ రైఫిళ్ళు చాలావాటిలో సీళ్ళు వాడకపోయినా గట్టిపడి పొడిపొడి అవుతాయి. మడత విప్పకుండా దాచిన జరీచీర మడతల దగ్గరే చిరుగుతుంది కదా! తన కోసం కొనేవాడు వెతికేది మరొకటి. పాత యజమాని చెంప ఆనేచోట చెక్కను కాస్త అరగదీసి ఉంటే, బజారులో అది లోపం. తన చెంపకు అది అమరిందా, వరమే. కొత్త సీళ్ళు వేయించుకుంటాడు, పట్టాలు సాఫీగా జారుతున్నాయో లేదో చూసుకుంటాడు, నిశ్చింతగా పేలుస్తాడు.

1984లో ఒలింపిక్స్‌లోకి వచ్చిన 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలో ఇవాళ ఉండేవన్నీ సిలిండర్‌లో ముందే నింపిన గాలితో పనిచేసేవి. వాటిలో బరువైన పిస్టన్ దూకదు, స్ప్రింగు అదరదు. వాటి నిశ్చలత పుట్టుకతో వచ్చింది, 300ఎస్‌ది సాధించుకున్నది. అందుకే పోటీలు దాన్ని వదిలేశాక కూడా దాని రసం తగ్గలేదు. పతకం ఆశ, లాభం ఆశ రెండూ లేకుండా దాన్ని కొనేవాడే సహృదయుడు. అలాంటివాడు అమ్మేవారిని పెట్టె ఉందా అని అడగడు, లీవర్ ఒకసారి లాగి చూడనిస్తారా అంటాడు.