బల్ల మీదే కుదిరే గురి

2023 అక్టోబరులో హాంగ్‌జౌ ఆసియా క్రీడల కాంపౌండ్ (కప్పీల విల్లు) ఫైనల్లో మన విజయవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖ 150కి 149 కొట్టి బంగారు పతకం పట్టుకొచ్చింది. 15 బాణాల్లో 14 పదులు, ఒక్కటే తొమ్మిది. 50 మీటర్ల దూరాన ఆ పది పాయింట్ల వలయం అడ్డకొలత 8 సెంటీమీటర్లు, అరచేతి వెడల్పు మించదు. ఆ స్కోరు విన్నవాళ్లంతా ఆమె చేతిని, కంటిని, నిబ్బరాన్ని మెచ్చుకున్నారు. మెచ్చుకోవలసిందే. అయితే అమ్ములపొదిలో బాణాలన్నీ ఒకే తీరున ఎగరకపోతే ఎంత నిబ్బరమైన చెయ్యైనా ఏం చేస్తుంది? విలువిద్యలో గురి సగం మైదానంలో కుదిరితే, సగం అంతకుముందే బల్ల మీద కుదురుతుంది. తూచి, కొలిచి, అతికించి, పనికిరానిదాన్ని పక్కన పెట్టే ఆ పనితనాన్ని మనవాళ్లు చిన్నచూపు చూస్తున్నారన్నదే నా ఫిర్యాదు.

ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ రైల్వే కాలనీల్లో ఉండే తెలుగువాళ్లకు ఈ మాట చెప్పడానికి కారణముంది. ఊరికి అంత దూరం కాని కోటా ప్రాంతంలో, అచానక్‌మార్ అడవి మొదట్లో ఉన్న శివతరాయి గ్రామం జాతీయ స్థాయి విలుకాళ్లను ఇచ్చింది. బహతరాయి క్రీడా ప్రాంగణంలో ఆర్చరీ అకాడమీ ఉంది. ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం విలువిద్యకిచ్చే పురస్కారం బస్తర్ మహారాజు ప్రవీర్‌చంద్ర భంజ్‌దేవ్ పేరు మీదే ఉంది. ఇక్కడి పిల్లలు చాలామంది వెదురు విల్లు, వెదురు బాణాలతో ఆడే ఇండియన్ రౌండ్‌తో మొదలుపెడతారు. వెదురు బాణం చేసేవాడి పనితనం చూడాలి: పుల్లను నిప్పు సెగకు చూపించి, వేడి ఆరకముందే వంకర తీసి, ఒక కన్ను మూసి చివరిదాకా చూసి, మళ్లీ సెగకు పెడతాడు. చేతిలో స్కేలైనా లేకుండా చేసే కొలత అది. రాజస్థాన్ గిరిజన బిడ్డ లింబా రామ్ ఈ వెదురు బడి నుంచే వచ్చి, 1992లో బీజింగ్‌లో 30 మీటర్ల దూరంలో 360కి 358 కొట్టి అప్పటి ప్రపంచ రికార్డును అందుకున్నాడు. వెదురు బాణాన్ని ఆటబొమ్మగా చూసేవాళ్లు ఆ అంకెను ఒకసారి తలచుకోవాలి.

కార్బన్ బాణానికి వచ్చినా పని అదే, పనిముట్లే వేరు. మొదటిది తూకం. పోటీ బాణం 20 గ్రాముల పైచిలుకు ఉంటుంది. దాన్ని గ్రెయిన్లలో తూస్తారు. గ్రెయిన్ అంటే సుమారు 65 మిల్లీగ్రాములు, గురిగింజ ఎత్తులో సగం. సెకనుకు 60 మీటర్ల వేగంతో పోయే రికర్వ్ (కొసలు ముందుకు వంగిన విల్లు) బాణం 70 మీటర్లు చేరేలోపు దాదాపు 7 మీటర్లు కిందికి దిగుతుంది. ఆ దిగుడుకు తగ్గట్టే పైకి గురిపెడతారు. జత బాణం కంటే ఇది 3 గ్రెయిన్లు బరువెక్కితే, స్థూలంగా లెక్కేసినా ఐదు సెంటీమీటర్లు కిందపడుతుంది. అక్కడ పది వలయం వ్యాసార్ధం 6.1 సెంటీమీటర్లే. అంటే ఒకటిన్నర గురిగింజ బరువు పదిని తొమ్మిది చెయ్యగలదు. రెండోది స్పైన్, అంటే బాణం బిగువు. 28 అంగుళాల ఎడంలో రెండు ఆనికల మీద షాఫ్ట్‌ను, అంటే బాణం పుల్లను, పెట్టి, నడుమ 880 గ్రాముల బరువు వేలాడదీస్తే అర అంగుళం వంగినదాన్ని 500 స్పైన్ అంటారు. వేళ్లతో వదిలినప్పుడు అల్లెతాడు కాస్త పక్కకు జరుగుతుంది, బాణం వంగుతుంది, చేపలా అటూ ఇటూ మెలితిరుగుతూ విల్లును దాటిపోతుంది. 1930లలో హిక్‌మన్ అనే శాస్త్రవేత్త హైస్పీడ్ కెమెరాతో ఈ వంపును చూపించాక గానీ అనుమానాలు తీరలేదు. ఆ వంపు ప్రతి బాణానికీ ఒకేలా ఉండాలి. పైగా ఫలానా విల్లుకు, ఫలానా చేతికి సరిపడేలా ఉండాలి.

ఆ సరిపాటును తేల్చేది ఈకల్లేని బాణం. నాకు ఈ విద్యలో అన్నిటికంటే అందంగా తోచేది ఈ పరీక్షే. ఈకలు తప్పును కప్పిపుచ్చుతాయి; అవి లేని షాఫ్ట్ నిజం చెబుతుంది. ఈకలున్న బాణాలు మూడు, బోడి బాణాలు రెండు ఒకే గురికి వదులుతారు. కుడిచేతి విలుకాడికి బోడి బాణాలు ఎడమకు పడితే షాఫ్ట్ మరీ బిగువు, కుడికి పడితే మరీ మెతక. కింద పడితే అల్లెతాడు మీద బాణం తొడిగే చోటు ఎక్కువ ఎత్తులో ఉన్నట్టు. బిగువైతే ములికి బరువు పెంచాలి; మెతకైతే ములికి తగ్గించాలి, లేదా షాఫ్ట్‌ను కొంచెం కొయ్యాలి. పావు అంగుళం కోసి, వదిలి చూసి, మళ్లీ కోసేవాడే పనివాడు. కోసిన ముక్క తిరిగి అతకదు కదా! చివరి సర్దుబాటు, విల్లుకు బాణం ఆనే చోట ఉండే ప్లంజర్ బటన్ స్ప్రింగుది. ఇంతా అయ్యాక బాణాలకు అంకెలు వేసి, వారాల తరబడి ఏది ఎక్కడ పడిందో పుస్తకంలో గీస్తారు. 7వ నంబరు ఎప్పుడూ గుంపు వదిలి పోతోందా, దాని నాక్‌ను, అంటే అల్లెతాడుకు తొడిగే తోక గాడిని, మూడో వంతు తిప్పి చూస్తారు. అప్పటికీ దారికి రాకపోతే సాధనకు తప్ప పోటీకి పనికిరాదు.

ఇదేదో విలుకాళ్ల చాదస్తం అనుకోనక్కర్లేదు. బెంచ్‌రెస్ట్ రైఫిల్ పోటీల్లో బల్ల మీద ఆనించి కాల్చే తుపాకీకి చేతి వణుకు దాదాపు ఉండదు. తేడా అంతా తూటాలోనే. అందుకే వాళ్లు తూటాలను చేత్తో కూర్చుకుంటారు, ఇత్తడి గుల్ల మెడ మందాన్ని అన్నిటికీ ఒకేలా చెక్కుతారు, వాతావరణం మారితే పోటీ మధ్యలోనే తూటాలో మందు మోతాదు సర్దుతారు. 1970లలో పాల్మిసానో అనే డాక్టరు, పిండెల్ అనే పనివాడు కలిసి రూపొందించిన పీపీసీ తూటా ఆ ఆటనే మార్చేసింది. 1973లో మెక్‌మిలన్ అనే షూటర్ 100 గజాల నుంచి ఐదు గుండ్లను 0.009 అంగుళాల గుంపులో దింపాడు. ఆ రికార్డు 40 ఏళ్లు నిలిచింది. చెయ్యిని లెక్కలోంచి తీసేసినా పోటీ మిగిలిందంటే, తయారీలోనే ఒక విద్య ఉన్నట్టేగా?

ఆడలేక మద్దెల ఓడన్నట్టు, కొత్తగా నేర్చుకునేవాడికి ఇవన్నీ సాకులని కోచ్‌లు కొందరు అంటారు. పిల్లవాడి తప్పు అడుగు దూరం ఉన్నప్పుడు బాణం తప్పు అంగుళం ఉంటేనేం అని వాదన. సబబుగానే వినిపిస్తుంది. కానీ మద్దెల నిజంగానే ఓడైతే? జత కుదరని బాణాలతో ఆడే పిల్లవాడు బాగా వదిలిన బాణం పక్కకు పోవడం చూసి, సరైన పద్ధతిని తప్పనుకుని మార్చుకుంటాడు. అలా పట్టిన అలవాటు వదిలించడానికి ఏళ్లు పడుతుంది. ఫ్యాక్టరీలే ఇప్పుడు జతచేసి అమ్ముతున్నాయిగా అన్నది ఇంకో మాట. మంచి కంపెనీలు షాఫ్ట్‌లను నిజంగానే జతచేస్తాయి. 1996 అట్లాంటాలో వచ్చిన ఈస్టన్ ఎక్స్10ను ఇన్నేళ్లయినా ఒలింపిక్ విలుకాళ్లు వదలకపోవడం ఊరికే కాదు. అయినా ఏ ఫ్యాక్టరీకీ ఈ పిల్లవాడి లాగుడు పొడవు తెలియదు, వేలి వదులు తెలియదు. ములికి జిగురు, నాక్ బిగువు, ఈక కోణం ఇంటి దగ్గరే తేలాలి. పారిస్ ఒలింపిక్స్‌లో మన బొమ్మదేవర ధీరజ్, కెనడా విలుకాడు ఎరిక్ పీటర్స్ షూటాఫ్‌లో ఇద్దరూ పదే కొట్టారు. నడిబొడ్డుకు దగ్గరగా పడ్డ బాణం పీటర్స్‌ది కావడంతో వ్యక్తిగత పోటీలో ధీరజ్ కథ అక్కడే ముగిసింది. అంత సన్నని గీత మీద ఆడే ఆటలో దేన్ని చిన్నదంటాం?

నాకు కోపం తెప్పించేది నకిలీ సరుకు. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకునే తీరుగా, పేరున్న కంపెనీ అచ్చు వేసిన షాఫ్ట్‌లు, కార్బన్ అని చెప్పి అంటగట్టే ఫైబర్‌గ్లాస్ పుల్లలు ఆన్‌లైన్‌లో డజన్ల లెక్కన దొరుకుతున్నాయి. పన్నెండింటి మీదా 500 అనే రాసి ఉంటుంది. కొలిస్తే దేని దారి దానిదే. డబ్బు పోతే పోయింది, పగులున్న షాఫ్ట్ అల్లెతాడు తోపుకు చీలితే పేడు విల్లు పట్టిన చేతిలోకే దిగుతుంది. వదిలే ముందు షాఫ్ట్‌ను మెల్లగా వంచి చెవి దగ్గర పెట్టి, చిటపటమంటోందేమో వినడం ప్రతి పిల్లవాడికీ మొదటి రోజే నేర్పాలి. ములికి అతికేటప్పుడు మంట షాఫ్ట్‌కు కాక ములికికి చూపాలనీ, లేకపోతే కార్బన్‌ను పట్టి ఉంచే జిగురు దెబ్బతింటుందనీ చెప్పాలి. విల్లుకు వేలకు వేలు పోసి, బాణాల దగ్గర చౌకబేరం చేసే పెద్దలను ఏమనాలో తెలియడం లేదు.

బిలాస్‌పూర్‌లో మాత్రం దీనికి డబ్బు అడ్డం కాదు. స్పైన్ కొలవడానికి కావలసింది రెండు ఆనికలు, ఒక బరువు, ఒక డయల్ గేజ్. లోకోషెడ్‌లో మిల్లీమీటరులో వందో వంతుకు పని చేసిన తెలుగు ఫిట్టర్లు ఈ ఊళ్లో ఎందరో రిటైరై ఉన్నారు. ఆ పరికరం వాళ్లకు ఒక సాయంత్రం పని. గ్రెయిన్లు చూపే చిన్న త్రాసు నగల తూకానికి వాడేదే. రెండు డజన్ల మామూలు షాఫ్ట్‌లు కొని, కొలిచి, తూచి, దగ్గరగా ఉన్న ఎనిమిదింటిని ఏరితే పిల్లవాడి పోటీకి సరిపోతాయి, మిగిలినవి సాధనకు వస్తాయి. కొత్తవి తెప్పించే ముందు స్టోరు గదుల మూలల్లో నాక్ విరిగి, ఈక ఊడి పడి ఉన్న పాతవాటిని ఆ గేజ్ మీదికి ఎక్కించండి. పగులు లేని ప్రతి షాఫ్ట్ మీదా దాని అసలు స్పైన్, అసలు బరువు మార్కర్‌తో రాయండి.