మా నాన్న చదువుతున్న ఇంగ్లీషు పుస్తకం

నాలుగు నెలల ముందు నాన్న రాబర్ట్‌సన్‌పేట మార్కెట్లో ఒక పుస్తకం కొన్నారు. 30 రోజుల్లో ఇంగ్లీషు వస్తుందని అట్ట మీద రాసుంది. 2001 ఫిబ్రవరి 28న బంగారు గనులు మూసేశారు కదా, ఇక్కడ చాలామందిలాగే నాన్న కూడా మారికుప్పం రైలెక్కి బెంగుళూరుకు పనికి పోతారు. గేటు దగ్గర కాపలా. కన్నడ, తమిళం బాగా వచ్చు. ఇంగ్లీషే రాదు.

రాత్రి ఇద్దరం కలిసి చదువుతాము. మొదటి పాఠం 'దిస్ ఈజ్ ఎ క్యాట్'. ఎదురుగా 'ఇది పిల్లి'. "ఈజ్ యాడికి పోయిందిమ్మా?" అన్నారు నాన్న. పుస్తకంలో జవాబు లేదు. తెలుగులో 'ఇది పిల్లి' అంటే చాలు, క్రియ అక్కర్లేదు. ఇంగ్లీషులో క్రియ లేకుంటే వాక్యమే కాదు. ఈ ఒక్క మాట చెప్పనందుకే నాన్న ఇప్పటికీ 'హీ మేనేజర్' అంటారు. 'వుయ్' పక్కన 'మేము' అని మాత్రమే ఉంది. 'మనం' ఏమైనట్టు?

'హ్యావ్' పాఠం మాత్రం చాలా బాగుంది. నాకు తమ్ముడున్నాడు, నాకు జ్వరంగా ఉంది, నా దగ్గర పెన్ను ఉంది, మూడూ పక్కపక్కనే పెట్టి మూడింటికీ 'హ్యావ్' అని చూపించారు. నాన్నకు ఒక్క రాత్రిలో వచ్చేసింది.

వాడుక మాటల్లో విమానంలో, పెద్ద హోటల్లో మాట్లాడేవి రెండు పేజీలున్నాయి. గేటు దగ్గరివి ఒక్కటీ లేవు. టీచర్‌ను అడిగి నేనే రాసిచ్చాను: 'హూ డు యు వాంట్ టు మీట్?' 'ప్లీజ్ సైన్ హియర్.'

పుస్తకంలో మేమింకా 11వ రోజు దగ్గరే ఉన్నాము.