కడగని రూపాయి

జనగామలో మా పెద్దబాపు దగ్గర ఒక హాలీ సిక్కా రూపాయి ఉంది. ఒక పక్క చార్మినార్, దాని నడిమి దర్వాజాలో ఒకే ఒక్క ఉర్దూ అక్షరం ‘మీమ్’. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ పేరులో మొదటి అక్షరమది. మానుకోట మహబూబాబాద్ అయింది ఆయన పేరు మీదేనంటారు. ఉస్మాన్ అలీఖాన్ గద్దెనెక్కాక అదే దర్వాజాలోకి ‘ఐన్’ వచ్చింది. వడ్లగింజంత కూడా ఉండని ఆ మీమ్ నూరేళ్లు దాటినా ఆ రూపాయి మీద చెక్కుచెదరలేదు. ఎందుకంటే దాన్ని ఎవరూ కడగలేదు.

నాణేలు పోగేసేవాళ్లు ఊరికొకరు దొరుకుతారు. వాటిని దాచడం తెలిసినవాళ్లు జిల్లాకొకరు కూడా లేరు. మా పెద్దబాపుకు తెలుసు. ముసురు పట్టిన రోజుల్లో ఆయన నాణేల పెట్టె మూతే ఎత్తడు. మన దగ్గర వానాకాలం పొద్దుటిపూట గాలిలో తేమ 80 శాతం దాటడం మామూలే. మూత తీస్తే ఆ గాలంతా లోపలికి పోతుంది, మూసేస్తే అక్కడే ఉండిపోతుంది. దసరా వెళ్లి ఎండ గట్టిపడ్డాక, పదకొండు దాటినాక తీస్తాడు. ముందు సబ్బుతో చేతులు కడుక్కుని, బాగా ఆరనిచ్చి, మంచం మీద పాత ధోవతి నాలుగు మడతలు పరుస్తాడు. జారి పడినా నాణెం అంచు నొక్కుకుపోకూడదని. బొటనవేలు, చూపుడువేలు అంచుకే తగలాలి, ముఖానికి తగలొద్దు. వేలిముద్రలోని చెమట ఉప్పు నెల తిరిగేసరికి రాగి మీద మచ్చై కూర్చుంటుంది. నేనేదో అడిగితే ఆయన మొహం పక్కకు తిప్పి జవాబిస్తాడు. మొదట్లో కోపమొచ్చిందనుకున్నాను. నోటి తుంపర పడుతుందని అట్లా తిప్పుతాడట! ఆ ఓపిక చూడటానికైనా జనగామ పోవాలి.

పెట్టెలో మూలకో చిన్న గుడ్డసంచి, అందులో సిలికా జెల్ గింజలు. నారింజ రంగువి తడి పీల్చుకుని రంగు మారితే వాటి పని అయిపోయినట్టు. అప్పుడు వాటిని పెనం మీద సన్నసెగన వేడిచేస్తాడు, రంగు తిరిగొస్తుంది. ఆ పెనం మళ్లీ వంటింట్లోకి రాదు. ఇంటి బయటి గోడకు ఆనించిన ఇనుప బీరువాలో పెట్టెను పెట్టనే పెట్టడు. రాత్రి గోడ చల్లబడితే ఇనుము చెమర్చుతుంది, ఆ చెమట నాణేల మీదే దిగుతుంది.

లోహానికో జబ్బు. వెండికి గంధకం పడదు. రబ్బరు బ్యాండు, ఉన్నిబట్ట తగిలినా నల్లబడుతుంది. బొగ్గు పొగలోనూ గంధకమే, భూపాలపల్లి వైపు వాళ్లు వెండిని గాలికి వదలొద్దు. సీసానికి కట్టెతో పేచీ. కొత్త ప్లైవుడ్ నుంచి, అట్టపెట్టె నుంచి వచ్చే పులుపు ఆవిరికి సీసం తెల్లపొడై రాలిపోతుంది. శాతవాహనుల నాణేల్లో సీసానివే బోలెడు! రాగికి, కంచుకు పట్టేది అన్నిటికన్నా చెడ్డది. ముదురు ఆకుపచ్చ చిలుము గట్టిగా, నున్నగా ఉంటే భయం లేదు, అది నాణేనికి చర్మం. లేతాకుపచ్చ పొడి లేచిందా, లోపల ఉప్పు చేరినట్టు. తడి తగిలిన ప్రతిసారీ ఆ ఉప్పు ఆమ్లమై రాగిని తింటుంది, తిన్నచోట మళ్లీ పుడుతుంది. ఇంగ్లీషువాళ్లు దీన్ని కంచు రోగం అంటారు. అట్లాంటిది కనిపిస్తే తీసి వేరుగా, పొడిగా పెట్టి మ్యూజియం రసాయన విభాగం వాళ్లకు చూపించాలి. ఇంటి వైద్యం వద్దు.

మెత్తటి పీవీసీ ప్లాస్టిక్ కవర్ల ఆల్బములు మరో శని. కొన్నేళ్లకు జిగురు కారి నాణేన్ని పచ్చగా చేస్తాయి. పాలిస్టర్ కవరు కొంచెం బిరుసు, కొంచెం ఖరీదు, కానీ అదే మేలు.

ఈ చాదస్తమంతా ఎందుకంటే కాళేశ్వరానికి ఎగువన గోదారి ఒడ్డున ఉన్న కోటిలింగాలను చూపిస్తాను. సంగనభట్ల నరహరిశర్మ అక్కడ ఓపిగ్గా ఏరిన నాణేలను పి.వి. పరబ్రహ్మశాస్త్రి చదివారు. ‘సిరి చిముక’ అన్న రాజు పేరు బ్రాహ్మీ అక్షరాల్లో బయటపడి, శాతవాహనుల తొలి చరిత్ర చర్చ మన గోదారి గట్టుకు చేరింది. మెదడు శస్త్రచికిత్స చేసే చేతులతోనే డాక్టర్ దేమె రాజారెడ్డి ఈ నాణేలను పట్టి పుస్తకాలు రాశారు. వాళ్లు చదివింది లోహం మీద వెంట్రుకవాసి ఎత్తున నిలిచిన గీతల్ని. ఎవరైనా ముందే చింతపండు పెట్టి తోమి ఉంటే ఏం చదివేవారు?

చింతపండు మీద నాకు పగ లేదు. పెంబర్తి ఇత్తడి దీపానికి పెట్టండి, తళతళలాడుతుంది. అదే పెంబర్తిలో 2021 ఏప్రిల్‌లో నేల చదును చేస్తుంటే రాగిబిందె బయటపడింది. అందులో దాదాపు 190 గ్రాముల బంగారు నగలు, కిలోముప్పావు వెండి. బంగారానికి మట్టీ తడీ లెక్కలేదు. బాధలన్నీ రాగికి, వెండికే. బిందె దొరికిన ఉత్సాహంలో వాటిని బావి దగ్గర తోమే చేతుల్ని తలుచుకుంటేనే నాకు గుండె దడ. 1878 నాటి చట్టం ప్రకారం పది రూపాయల విలువ దాటిన ఏ నిక్షేపమైనా కలెక్టరుకు చెప్పాలి. నేనింకొకటి కలుపుతాను: మట్టి దులపకుండా చెప్పండి!

మానుకోట తండాల్లో ముసలమ్మల మెడలో వెండి రూపాయల హారాలుండేవి. ఒంటి చెమట, వాన, పొలం బురద అన్నీ తగిలి ముఖాలు అరిగాయి, నిజమే. అయినా అవి అసలు రూపాయలు. హాలీ రూపాయిలో వెండి నూటికి 82 పాళ్లు. వెండి ధర పెరిగినప్పుడల్లా అవి కొలిమికే పోతున్నాయి. వాటి చోట్లో రేకు బిళ్లలు వేలాడుతున్నాయి. ఒక్క హారాన్నైనా ఫొటో తీసి, తూకం రాసి పెట్టండయ్యా అని చదువుకున్న తండా పిల్లల్ని కనిపించినప్పుడల్లా బతిమాలుతున్నాను.

ఇక జాతరల్లో అమ్మే ‘1818 ఈస్టిండియా కంపెనీ’ రామదర్బారు నాణేల సంగతి. కంపెనీ అలాంటి నాణెం ఎన్నడూ వేయలేదు. ఇప్పటి రేకు మీద ముద్రేసి, ఆమ్లంలో ముంచి, ఉప్పుమట్టిలో పాతి ముసలితనం తెస్తారు. మహిమతో బియ్యపుగింజల్ని తనవైపు లాగుతుందని చెప్పి లక్షలు గుంజుతారు. అసలు రూపాయిని చింతపండుతో కొత్తది చేసే అమాయకుడూ, కొత్త రేకుకు చిలుము పట్టించే దొంగా ఒకే బజారులో తిరుగుతున్నారు. చిలుము విలువ ఆ దొంగకు తెలిసినపాటి కూడా మన ఇళ్లలో తెలియదు.

పోయిన శ్రావణంలో జనగామ పోయి, ఆ మీమ్ ఒకసారి చూపించమని పెద్దబాపును అడిగాను. బయట జల్లు పడుతోంది. ఆయన కిటికీ వైపు చూసి, “దసరా పోనియ్ బిడ్డా” అని మళ్లీ పేపర్లో తలపెట్టాడు.