తెర మీద సముద్రం ఉంది, వేట లేదు

ఈ నాలుగైదేళ్లలో తెలుగు సినిమా సముద్రం వైపు బాగానే చూసింది. 2021 ఫిబ్రవరిలో ‘ఉప్పెన’ మనల్ని ఉప్పాడ తీరానికి తీసుకెళ్లింది. 2023 సంక్రాంతికి చిరంజీవి ‘వాల్తేరు వీరయ్య’గా వచ్చారు. 2024 సెప్టెంబరులో ‘దేవర’, 2025 ఫిబ్రవరిలో ‘తండేల్’ వచ్చాయి. నేను విమర్శకుణ్ణి కాను. టికెట్ కొని చూసి, నచ్చితే ఇంట్లో ఇంకోసారి చూసే మామూలు ప్రేక్షకుణ్ణి. అయినా నెల్లూరు జిల్లా జువ్వలదిన్నె తీరం నుంచి ఈ సినిమాలను చూసేవాళ్లకు మిగతావాళ్లకు తట్టని ప్రశ్న ఒకటి తడుతుంది. ఇన్ని సినిమాల్లో ఇంత సముద్రం ఉంది, ఇన్ని పడవలున్నాయి, హీరోలు అలల మీద ఇన్ని ఫైట్లు చేశారు. మరి వేట ఏదీ? వల వేసి, లాగి, ఒడ్డుకు తెచ్చి, అమ్మి, అప్పు తీర్చి, మిగిలింది పంచుకునే ఆ పని ఏదీ? మన సినిమాల్లో మత్స్యకారుడికి ధైర్యం ఉంటుంది, ప్రేమ ఉంటుంది, పగ ఉంటుంది. వృత్తి మాత్రం పేరుకే ఉంటుంది. ఇది చిన్న లోపమని నేను అనుకోను. కథకు బలాన్నిచ్చేదే వృత్తి. దాన్ని వదిలేయడం వల్లనే ఈ సినిమాలు మంచిగా మొదలై, మధ్యలోకి వచ్చేసరికి మనకు బాగా తెలిసిన దారిలో పడిపోతున్నాయని నా వాదన.

వీటిలో నాకు బాగా నచ్చింది ‘తండేల్’. చందూ మొండేటి తీసిన ఈ సినిమాకు ఆధారం నిజంగా జరిగిన సంగతి. 2018 నవంబరులో గుజరాత్ తీరం నుంచి వేటకు వెళ్లిన శ్రీకాకుళం జిల్లా మత్స్యకారులు సరిహద్దు దాటారని పాకిస్తాన్ వాళ్లు పట్టుకుని కరాచీ జైల్లో పెట్టారు. 2020 జనవరిలో 20 మంది వాఘా దగ్గర మన నేల మీద కాలు పెట్టారు. సినిమాలో నాగచైతన్య రాజుగా, సాయిపల్లవి సత్యగా చేశారు. వెళ్లవద్దని సత్య బతిమాలుతుంది, అతను వెళ్తాడు. సినిమా మొత్తం ఈ ఒక్క మాట మీద నిలబడింది. భర్తలనూ అన్నదమ్ములనూ విడిపించుకోవడానికి ఆడవాళ్లు ఊరు దాటి తిరిగే భాగం నిజాయితీగా ఉంది. ఇద్దరు నటులూ ఉత్తరాంధ్ర యాసను శ్రద్ధగా పలికారు. ఇంత చేసిన సినిమా కూడా అసలు ప్రశ్న దగ్గర ఆగలేదు. బంగాళాఖాతం వాకిట్లో ఉన్న మనిషి అరేబియా సముద్రంలో వేటాడటానికి దేశానికి అడ్డంగా ప్రయాణించి గుజరాత్‌లోని వెరావల్ ఎందుకు వెళ్తాడు? అక్కడ పెద్ద బోట్లున్నాయి, నెల జీతముంది, ముందే అడ్వాన్సు ఇచ్చేవాళ్లున్నారు. ఇక్కడ లంగరు వేసుకోవడానికి జెట్టీ కూడా లేని ఊళ్లున్నాయి. సత్య ‘వెళ్లొద్దు’ అన్నప్పుడు రాజు ముందు ఉండాల్సిన చిక్కు ఇదే. తీసుకున్న అడ్వాన్సు, తన మీద ఆధారపడిన కలాసీలు (బోటు మీద పనిచేసేవాళ్లు), ఇంట్లో ఖర్చు కూడా ఆ గుమ్మం దగ్గర నిలబడి ఉంటే, ఆ వీడ్కోలు ప్రేమికుల అలకగా కాకుండా ఇద్దరికీ తప్పని దుఃఖంగా కనిపించేది. సినిమా వలసను ప్రస్తావిస్తుంది కానీ, వెంటనే ప్రేమకథలోకి, ఆపైన జైల్లో దేశభక్తి సన్నివేశాల్లోకి వెళ్లిపోతుంది.

‘దేవర’ సంగతి వేరు. అది ఊహించి కట్టిన లోకం. ఎర్ర సముద్రం, కొండ మీద ఊళ్లు, ఓడల్లోంచి దొంగ సరుకు దించే మగవాళ్లు, వాళ్లను ఆపడానికి సముద్రంలోనే మాయమై భయంగా మారిన నాయకుడు. రత్నవేలు కెమెరా, ఎన్టీఆర్ నిలబడిన తీరు నాకు నచ్చాయి. కొరటాల శివ ఆలోచనలోనూ గట్టిదనం ఉంది. ధైర్యం ఎక్కువైన మనుషులకు భయం నేర్పాలన్నది మామూలు ఆలోచన కాదు. అయితే దొంగ సరుకు మానేసిన ఊరు మర్నాటి నుంచి ఏం తిని బతికిందో సినిమా నిలబడి చూపించదు. పైగా నెల్లూరు, ప్రకాశం తీరాల్లో ఇలాంటి కట్టుబాటు నిజంగానే ఉంది. దాన్ని దురాయి అంటారు. మత్స్యకారుల ఊళ్లైన పట్టపుపాలేల్లో కాపులు, అంటే ఊరి పెద్దలు, కూర్చుని ఒక నిర్ణయం చేస్తే అది ఊరంతటికీ చెల్లుతుంది. ఏ వల వాడాలి, ఎప్పుడు వేటకు వెళ్లకూడదు, తప్పితే జరిమానా ఎంత అన్నవి అక్కడ తేలుతాయి. దురాయి న్యాయం చేసిన సందర్భాలున్నాయి, మనిషిని నలిపేసిన సందర్భాలూ ఉన్నాయి. ఒక కుటుంబాన్ని ఊరు వెలివేస్తే, వాళ్ల పడవలో కాలు పెట్టడానికి కలాసీ దొరకడు. రక్తం పారించకుండానే ఎంత భయం పుట్టించవచ్చో చెప్పడానికి ఇంతకన్నా ఏం కావాలి? కత్తులతో ఊహాలోకం కట్టినవాళ్లు పక్కనే ఉన్న ఈ లోకాన్ని చూసి ఉంటే కథ ఇంకా పదునుగా వచ్చేది.

‘ఉప్పెన’ గురించి ఎక్కువ చెప్పను. జాతీయ అవార్డుల్లో ఉత్తమ తెలుగు చిత్రంగా నిలిచింది. విజయ్ సేతుపతి పరువు పిచ్చి పట్టిన తండ్రిగా భయపెట్టాడు. మత్స్యకారుల ఇంటి అబ్బాయి పెద్దింటి అమ్మాయిని ప్రేమిస్తే ఏమవుతుందో బుచ్చిబాబు సాన మొహమాటం లేకుండా చెప్పాడు. అక్కడ సముద్రం ప్రేమికులు దాక్కునే చోటు. ఏటా ఒడ్డు కోసుకుపోయి ఇళ్లు సముద్రంలో కలిసిపోయే ఉప్పాడ అసలు గోడు ఆ ప్రేమకథకు అవసరం పడలేదు.

ఇంతకీ నేను చూడాలని కోరుకునేది ఏమిటి? ఒక్క దృశ్యం చెబుతాను. తెల్లవారుజామున బోటు ఒడ్డుకు వస్తుంది. ఐసులోంచి చేపలు తీసి రకాలవారీగా కుప్పలు పోస్తారు. వంజరం వేరు, చందువ వేరు, రొయ్య వేరు, కోళ్ల మేతకు పోయే చిన్నచేప వేరు. వేలం పాట మొదలవుతుంది. పాడేవాళ్లలో ఒకరు ఈ బోటుకు పెట్టుబడి పెట్టిన షావుకారు కావచ్చు. అప్పు ఆయన దగ్గర ఉన్నంతకాలం సరుకు ఆయనకే వేయాలి, ధర ఆయనదే. ఎదురుగా ఇంకొకడు ఎక్కువ చెబుతున్నా బోటు యజమాని నోరు విప్పలేడు. పక్కనే గంప పట్టుకుని నిలబడిన ఆడమనిషికి బాగా తగ్గిన ధరలో ఒక కుప్ప దక్కితేనే ఆరోజు ఆమె ఊళ్లోకి అమ్మకానికి వెళ్లగలదు. పాట ముగిశాక డీజిలు, ఐసు, బోటులో తిన్న బియ్యం, వల బాగుచేయించిన ఖర్చు తీసేస్తారు. మిగిలితే బోటుకో వాటా, ఇంజనుకో వాటా, వలకో వాటా, మనుషులకు వాటాలు. లెక్క ఊరూరికీ మారుతుంది. సముద్రంలో ప్రాణాన్ని పణంగా పెట్టిన కుర్రాడి చేతిలోకి చివరికి ఎంత వస్తుంది? ఏ రోజు ఎంత వస్తుందో అతనికీ తెలియదు. ఈ దృశ్యంలో హీరో ఉన్నాడు, విలన్ ఉన్నాడు, నోరు విప్పలేని కోపం ఉంది, కాలం మించిపోతోందన్న తొందర ఉంది. ఐసు కరుగుతోంది, చేప పాడవుతుంది. ఒక్క దెబ్బ కొట్టకుండా ప్రేక్షకుణ్ణి కుర్చీ అంచున కూర్చోబెట్టే సన్నివేశం ఇది.

లెక్కలు చూపిస్తే జనం చూస్తారా, అది డాక్యుమెంటరీల పని కదా అని అడిగేవాళ్లుంటారు. జనం చూశారు, ఎగబడి చూశారు. 2021 డిసెంబరులో వచ్చిన ‘పుష్ప’ మొదటి భాగం గుర్తు చేసుకోండి. కూలీగా మొదలైన పుష్పరాజ్ పైకి రావడం వెనుక ఉన్నదంతా లెక్కే. ఎర్రచందనం దుంగకు ఇక్కడ ఎంత ఇస్తున్నారు, అదే దుంగ చెన్నైలో ఎంత పలుకుతోంది, మధ్యలో తేడా ఎవరి జేబులోకి పోతోంది అని అతను కనిపెట్టడమే ఆ సినిమాకు మలుపు. సరుకు పాల ట్యాంకరులో ఎలా దాగిందో చూసి హాలు ఈలలు వేసింది. ఎర్రచందనం కూలీ, మేస్త్రీ, సిండికేటు, వాటా అన్న మాటలు దేశమంతా నేర్చుకుంది. 2024 దీపావళికి వచ్చిన ‘లక్కీ భాస్కర్’ ఇంకో సాక్ష్యం. బ్యాంకు కాగితాల మధ్య డబ్బు ఎలా తిరుగుతుందో వెంకీ అట్లూరి ఓపికగా విడమరిచి చెబితే, బ్యాంకు గుమ్మం ఎక్కని ప్రేక్షకుడు కూడా ఊపిరి బిగబట్టి చూశాడు. ఎర్రచందనం పెరిగేది మన వెలికొండల్లో కూడా. నెల్లూరు జిల్లా పడమటి కొండల్లోని దొంగ సరుకు లెక్క సినిమాకు పనికొచ్చినప్పుడు, అదే జిల్లా తూర్పు ఒడ్డున చెమటోడ్చి తెచ్చిన సరుకు లెక్క ఎందుకు పనికిరాదు?

పొరుగు వాళ్లు ఈ పని అరవై ఏళ్ల కిందటే చేసి చూపించారు. తకళి శివశంకర పిళ్లై నవల ఆధారంగా రామూ కరియాట్ 1965లో తీసిన ‘చెమ్మీన్’ను అందరూ విషాద ప్రేమకథగా తలుచుకుంటారు. అందులో కష్టమంతా మొదలయ్యేది సొంత పడవ, సొంత వల కావాలన్న చెంబన్ కుంజు ఆశ దగ్గర. కూతుర్ని ప్రేమించిన చేపల వ్యాపారి పరీకుట్టి దగ్గరే సహాయం తీసుకుంటాడు, తిరిగి ఇవ్వడు. ఆ బాకీయే అందరినీ ముంచుతుంది. దక్షిణాదికి మొదటిసారి రాష్ట్రపతి స్వర్ణ పతకం తెచ్చింది ఆ సినిమాయే. దానికి కెమెరా పట్టింది మన ‘పాతాళభైరవి’, ‘మాయాబజార్’లకు పట్టిన మార్కస్ బార్ట్లీయే. మొన్నటి సంగతికి వస్తే, 2018 నాటి కేరళ వరదల మీద జూడ్ ఆంథనీ జోసెఫ్ తీసిన ‘2018’ తెలుగులోకి వస్తే మనవాళ్లు ఆదరించారు. మత్స్యకారులు పడవలను లారీలకెక్కించి ఊళ్ల మీదికి వచ్చే ఘట్టం ఆ సినిమాకు ఆయువుపట్టు. ఆ పడవలు మనల్ని అంతగా కదిలించడానికి కారణం ఉంది. తండ్రి పనిని చిన్నచూపు చూసిన కొడుకును, అదే పని మనుషుల్ని బతికించే క్షణాన్ని సినిమా ముందు నుంచీ కలిపి అల్లుతూ వచ్చింది.

రెండో అభ్యంతరం దీనికన్నా గట్టిది. మీరు అడిగే సినిమాను మత్స్యకారులే చూడరు, పాలేల్లో కట్టే ఫ్లెక్సీలన్నీ పెద్ద హీరోలవే, రోజంతా కష్టపడిన మనిషి తన కష్టాన్నే మళ్లీ తెర మీద చూడటానికి డబ్బు పెట్టడు అంటారు. ఇందులో నిజం ఉంది, దాన్ని నేను తక్కువ చేయను. అలసిన ప్రాణానికి ‘దేవర’ పాటలు కావాలి, ఆ ఆనందంలో తప్పు పట్టడానికేమీ లేదు. కానీ కష్టాన్ని చూపించమని నేను అడగడం లేదు, నైపుణ్యాన్ని చూపించమంటున్నాను. నీటి రంగు చూసి చేప ఎక్కడుందో చెప్పే, బోటు నడిపే సరంగును, గాలి మళ్లిందని నలుగురికన్నా ముందు గ్రహించే ముసలాయన్ను హీరోను చేస్తే చూడనిదెవరు? పుష్పరాజ్ అంటే ఇష్టపడింది అతను కూలీ అయినందుకు కాదు, పనిలో అందరికన్నా తెలివైనవాడైనందుకు. సముద్రంలో షూటింగ్ ఖర్చన్న మాటకు జవాబు ఇంకా సులువు. నేను చెప్పిన కథ ముప్పాతిక వంతు ఒడ్డునే జరుగుతుంది.

ఈ కథకు నెల్లూరు తీరంలో సరుకు కొరత లేదు. తీరం నుంచి 8 కిలోమీటర్ల వరకు సంప్రదాయ పడవలదే హక్కని 1994 నాటి రాష్ట్ర చట్టం ఉంది. అయినా తమిళనాడు పెద్ద బోట్లు దగ్గరికి వచ్చి వలలు తెంపేస్తున్నాయని మనవాళ్లు వాటిని పట్టుకోవడం, అధికారులు వచ్చి మాట్లాడటం పేపర్లో చదివే వార్తే. ఆ బోట్ల మీద ఉన్నవాళ్లూ కూలీలే, వాళ్లకూ ఇంటి దగ్గర బాకీలుంటాయి. 2020 నవంబరు 21న, ప్రపంచ మత్స్యకార దినోత్సవం నాడు, జువ్వలదిన్నె, ఉప్పాడ, నిజాంపట్నం, మచిలీపట్నం హార్బర్లకు ఒకేసారి శంకుస్థాపన జరిగింది. వలసలు ఆగాలన్నది అప్పుడు చెప్పిన ఉద్దేశాల్లో ఒకటి. ‘తండేల్’లో రాజు ఎందుకు వెరావల్ వెళ్లాడన్న ప్రశ్నకు జవాబు వెతకాల్సింది ఇలాంటి హార్బర్లలోనే. జెట్టీ వస్తే షావుకారు పట్టు సడలుతుందా, బోటు లేని కలాసీకి ఏం మారుతుంది, గంపతో నిలబడే ఆడమనిషికి కొత్త వేలం హాల్లో చోటుంటుందా? ఒక్కొక్కటీ ఒక్కో సినిమాకు సరిపడా కథ.

రచయితలకూ దర్శకులకూ నా మనవి ఒక్కటే. కథ రాసేముందు ఒకసారి తీరానికి రండి. మన తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు యాంత్రిక, మోటారు బోట్లకు వేట నిషేధం. బోట్లు ఒడ్డునే ఉంటాయి, మగవాళ్లు వలలు బాగుచేసుకుంటూ కూర్చుంటారు. అడిగితే చెప్పడానికి అప్పుడు వాళ్లకు తీరిక ఉంటుంది.