ఖజానా తాళాలు ఎవరి చేతిలో పెట్టాలి?

బడ్జెట్ రోజున పాశమైలారంలో గానీ బొల్లారంలో గానీ ఏ చిన్న బల్క్ డ్రగ్ యూనిట్ ఆఫీసులోకి వెళ్లినా కనిపించేది దాదాపు ఒకటే. టీవీలో ఆర్థిక మంత్రి ప్రసంగం నడుస్తుంటుంది. అకౌంట్స్ చూసే మనిషి దాన్ని పూర్తిగా వినడు. రెండు మూడు సంగతుల కోసమే కాచుకుని ఉంటాడు. చైనా నుంచి తెప్పించే ఇంటర్మీడియట్ల మీద కస్టమ్స్ సుంకం కదిలిందా? జీఎస్టీ రీఫండు గురించి ఏమైనా అన్నారా? డాలరు ఎంత దగ్గర ఆగింది? గోడ అవతల షెడ్డులో రియాక్టర్ తిరుగుతూనే ఉంటుంది, నీలం డ్రమ్ముల మీద బ్యాచ్ నంబర్లు అంటిస్తూనే ఉంటారు. ఢిల్లీలో తీసుకున్న నిర్ణయం ఆ డ్రమ్ము ధరలోకి దిగడానికి ఎంతో కాలం పట్టదు.

అందుకే ఆర్థిక శాఖకు ఎవరిని ఎంచుకోవాలన్నది సంగారెడ్డి, పటాన్‌చెరు ప్రాంతానికి దూరపు ప్రశ్న కాదు. ఆర్థికశాస్త్రమే వృత్తిగా బతికిన మనిషిని కూర్చోబెట్టాలా? ఓట్లు గెలిచి జనంలో తిరిగిన నాయకుణ్ణా? ఈ ప్రశ్నకు మన దేశంలో వచ్చిన జవాబుల్లో అన్నిటికంటే పేరు మోసిన జవాబు ఒక తెలుగువాడిది.

1991 జూన్ 21న ప్రధానిగా ప్రమాణం చేసేనాటికి పి.వి. నరసింహారావుకు లోక్‌సభలో సొంత మెజారిటీ లేదు. ఖజానాలో డాలర్లూ లేవు. ఉన్న విదేశీ మారకం రెండు మూడు వారాల దిగుమతులకు మించి రాదు. అప్పటికే మే నెలలో 20 టన్నుల బంగారం స్విట్జర్లాండ్ దారి పట్టింది. జూలైలో మరో 47 టన్నుల దాకా బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్, బ్యాంక్ ఆఫ్ జపాన్‌ల దగ్గర కుదువ పెట్టారు. ఇంట్లో బంగారం కుదువ పెట్టిన వాళ్లకు ఆ అవమానం ఎలాంటిదో వేరే చెప్పనక్కర్లేదు.

అలాంటి వేళ ఆర్థిక శాఖకు పి.వి. పార్టీలోని పెద్దల్లో ఒకరిని ఎంచుకోలేదు. మొదట రిజర్వ్ బ్యాంకు మాజీ గవర్నర్, లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌కు డైరెక్టర్‌గా పనిచేసిన ఐ.జి. పటేల్‌ను అడిగించారు. ఆయన వద్దన్నారు. తర్వాత తన సలహాదారు పి.సి. అలెగ్జాండర్ ద్వారా కబురు వెళ్లింది అప్పటి యూజీసీ చైర్మన్ మన్మోహన్ సింగ్‌కు. ఆయన ఆ మాటను మొదట నిజమనుకోలేదు. మర్నాడు మామూలుగా యూజీసీ ఆఫీసుకు వెళ్లి కూర్చున్నారు. ప్రమాణ స్వీకారానికి రమ్మని పి.వి. స్వయంగా చెప్పాకే కదిలారు.

ఆ ఎంపిక ఎందుకు ఫలించిందో ఈ ముప్పై ఏళ్లకు పైగా చాలామంది రాశారు. ఎక్కువమంది రాతల్లో మన్మోహన్ ప్రొఫెసరు, కేంబ్రిడ్జి, ఆక్స్‌ఫర్డ్ చదువులు చదివినవాడు. అది నిజమే గానీ సగం నిజం. ఆయన 1972లో ప్రభుత్వానికి ముఖ్య ఆర్థిక సలహాదారు అయ్యారు. ఆ తర్వాత ఆర్థిక శాఖలోనే కార్యదర్శిగా పనిచేశారు. 1982 నుంచి 1985 దాకా రిజర్వ్ బ్యాంకు గవర్నర్. ఆపైన ప్రణాళికా సంఘం ఉపాధ్యక్షుడు. అంటే నార్త్ బ్లాక్‌లో ఏ ఫైలు ఏ బల్ల మీద ఆగిపోతుందో ఏళ్ల తరబడి చూసినవాడు. పి.వి. ఎంచుకున్నది శాస్త్రం తెలిసిన మనిషినే, అయితే ఆ శాస్త్రాన్ని సర్కారీ యంత్రంలో వేసి తిప్పడం కూడా వచ్చిన మనిషిని.

ఇంకో సంగతి ఉంది. ఆక్స్‌ఫర్డ్‌లో మన్మోహన్ పరిశోధన చేసిన విషయం భారతదేశపు ఎగుమతులు. మన సరుకు ప్రపంచంలో అమ్ముడుపోదన్న నిరాశ సరికాదని ఆయన 1960ల్లోనే వాదించారు. 1991లో దేశానికి తగిలిన జబ్బు అదే చోట ఉంది. రోగానికి సరిపడా వైద్యుణ్ణి పిలిచారు.

జూలై 1న రూపాయి విలువ తగ్గించారు. 3న మరోసారి తగ్గించాలి. రెండోసారికి ముందు పి.వి. వెనకాడి, ఆపమన్నారు. మన్మోహన్ రిజర్వ్ బ్యాంకు డిప్యూటీ గవర్నర్ సి. రంగరాజన్‌కు ఫోన్ చేసేసరికి ప్రకటన వెళ్లిపోయింది. మూడు రోజుల్లో డాలరు 21 రూపాయల చిల్లర నుంచి 26 రూపాయల దగ్గరికి చేరింది.

ఈ లెక్కను పటాన్‌చెరులో వేసి చూడాలి. పదివేల డాలర్ల మందు ముడిసరుకు విదేశానికి పంపే యూనిట్‌కు అంతకు ముందు 2 లక్షల 10 వేల పైచిలుకు చేతికొచ్చేది. ఆ వారం తర్వాత అదే సరుకుకు 2 లక్షల 60 వేల దాకా వచ్చింది. బయటి నుంచి తెప్పించుకునే రసాయనం అంతే నిష్పత్తిలో పిరమైంది. ఇక్కడే తయారు చేసి బయటికి అమ్మేవాడికి మేలు, తెచ్చి ఇక్కడ అమ్ముకునేవాడికి దెబ్బ. జూలై 4న వాణిజ్య విధానం మారింది. ఎగుమతిదారులకిచ్చే నగదు సాయం తీసేసి, ఎగుమతి విలువలో 30 శాతం మేర దిగుమతులకు పనికొచ్చే ఎగ్జిమ్ స్క్రిప్‌లు ఇచ్చారు. వాటిని బజారులో అమ్ముకోవచ్చు కూడా. జూలై 24 నాటి బడ్జెట్ కస్టమ్స్ సుంకానికి 150 శాతం గరిష్ఠ హద్దు గీసింది.

అదే రోజు కొత్త పారిశ్రామిక విధానం పార్లమెంటు ముందుకు వచ్చింది. 18 పరిశ్రమలకు తప్ప లైసెన్సు అక్కర్లేదన్నారు. ఆ 18లో మందుల పరిశ్రమ ఉంది. కాబట్టి బొల్లారం, జిన్నారం, పటాన్‌చెరు యూనిట్లకు లైసెన్సు గొలుసు ఆ రోజే తెగిపోలేదు. 1994లో మందుల విధానాన్ని సవరించాకే చాలా బల్క్ డ్రగ్స్‌కు లైసెన్సు బాధ తప్పింది. 1991 అనగానే ఒక్క రాత్రిలో తలుపులన్నీ తెరుచుకున్నాయని చెప్పే కథకు ఈ ప్రాంతమే సవరణ. ఇక్కడికి ముందు వచ్చింది రూపాయి. లైసెన్సు సంగతి మూడేళ్లకు తేలింది.

ఆ మార్పును అందుకోగలిగిన మనుషులు అప్పటికే ఇక్కడ ఉన్నారు. మందు పదార్థానికి కాకుండా తయారీ పద్ధతికే పేటెంటు ఇచ్చిన 1970 చట్టం, బాలానగర్‌లోని ప్రభుత్వ మందుల సంస్థ ఐడీపీఎల్‌లో పని నేర్చుకుని బయటికొచ్చిన రసాయన శాస్త్రజ్ఞులు, 1984లో డాక్టర్ కల్లం అంజిరెడ్డి పెట్టిన రెడ్డీస్ ల్యాబ్స్ వంటి సంస్థలు, ఇవన్నీ మన్మోహన్ రాకముందువే. మంచి ఆర్థిక మంత్రి పరిశ్రమను పుట్టించడు. పుట్టిన దానికి అడ్డం తొలగిస్తాడు.

ఇప్పుడు అసలు విషయం. ఎంచుకున్న తర్వాత పి.వి. చేసింది ఎంచుకోవడం కంటే పెద్ద పని. పరిశ్రమల శాఖను తన దగ్గరే పెట్టుకున్నారు. లైసెన్సుల రద్దు మీద లేచే కోపం ముందు ప్రధానికి తగలాలి, ఆర్థిక మంత్రికి కాదు. బడ్జెట్‌లో ఎరువుల ధర 40 శాతం పెంచితే సొంత పార్టీ ఎంపీలే లేచారు. ఆగస్టు మొదటి వారంలో పెంపును 30 శాతానికి దించారు, చిన్న రైతులను మినహాయించారు. మిగతా బడ్జెట్‌ను మాత్రం కదలనివ్వలేదు. 1993 డిసెంబరులో సెక్యూరిటీల కుంభకోణంపై పార్లమెంటరీ కమిటీ నివేదిక వచ్చాక మన్మోహన్ రాజీనామా ఇవ్వబోతే పి.వి. ఒప్పుకోలేదు. మంత్రి అయ్యేనాటికి మన్మోహన్ ఏ సభలోనూ సభ్యుడు కాదు. 1991 అక్టోబరులో అస్సాం నుంచి రాజ్యసభకు వెళ్లారు. ఓటు బలం లేని ఆర్థికవేత్తకు ఆ బలాన్ని అప్పిచ్చింది ప్రధానే.

అండ లేకపోతే ఏమవుతుందో మన చరిత్రలోనే ఉంది. ఆర్థికశాస్త్రం బోధించిన జాన్ మథాయ్ నెహ్రూ మంత్రివర్గంలో ఆర్థిక మంత్రి. ప్రణాళికా సంఘం అధికారాల మీద ప్రధానితో పొసగక 1950లో తప్పుకున్నారు. జమ్మూ కశ్మీర్‌లో ఆర్థికవేత్త హసీబ్ ద్రాబూను 2018లో మంత్రివర్గం నుంచి తొలగించారు.

అండ ఉన్నా లెక్క తప్పవచ్చు. మన్మోహన్ వచ్చిన ఏడాదే అర్జెంటీనాలో డొమింగో కవాలో ఆర్థిక మంత్రి అయ్యారు. హార్వర్డ్ డాక్టరేటు. దేశ కరెన్సీని డాలరుకు కట్టేసి, చేయిదాటిన ధరలను అదుపులోకి తెచ్చారు. ప్రపంచం మెచ్చుకుంది. పదేళ్లకు ఆ కట్టే ఉరైంది. 2001లో ఆయన్నే మళ్లీ పిలిచారు. డిసెంబరులో బ్యాంకుల నుంచి సొంత డబ్బు తీసుకోవడానికి కూడా పరిమితి పెట్టారు. జనం గిన్నెలు మోగిస్తూ వీధుల్లోకి వచ్చారు, మంత్రీ ప్రభుత్వమూ పోయాయి. అదే 1991లో మన దగ్గర రూపాయిని దించి, 1993 నాటికి మార్కెట్‌తో పాటు కదలనిచ్చారు. రెండు చోట్లా ఆర్థికవేత్తలే. డిగ్రీ చూసి ఎవరూ పందెం కాయలేరు.

రాష్ట్రాల సంగతి చూస్తే పశ్చిమ బెంగాల్ 1977 నుంచి నాలుగు దశాబ్దాల పాటు ఆర్థికవేత్తలనే పెట్టుకుంది: అశోక్ మిత్రా, అసీం దాస్‌గుప్తా, అమిత్ మిత్రా. అయినా అప్పుల భారం ఎక్కువున్న రాష్ట్రాల్లో బెంగాల్ ఒకటిగానే ఉంటూ వచ్చింది. మన దగ్గర దారి వేరు. 16 బడ్జెట్లు ప్రవేశపెట్టిన కొణిజేటి రోశయ్య రాజకీయ నాయకుడు. తెలంగాణ వచ్చాక ఈటల రాజేందర్, హరీశ్‌రావు, ఇప్పుడు భట్టి విక్రమార్క, అందరూ ప్రజా రాజకీయాల నుంచి వచ్చినవారే. శాస్త్ర జ్ఞానం కార్యదర్శి గదిలో ఉండేది. 1970ల్లో బి.పి.ఆర్. విఠల్, 1990ల్లో దువ్వూరి సుబ్బారావు ఆ గదిలో కూర్చున్నవారే. సభలో జవాబు చెప్పే నేర్పు ఒకరిది, లెక్క సరిచూసే నేర్పు ఇంకొకరిది. ఇద్దరి మధ్య మాట పొసిగినంత కాలం ఆ పద్ధతి బాగానే నడిచింది.

పొసగనప్పుడు, లేదా లెక్క చెప్పే మనిషి మాట వినేవాళ్లు లేనప్పుడు, ఏ అంకె నిజమో ప్రజలకు తెలియదు. 2023 డిసెంబరులో శాసనసభలో పెట్టిన శ్వేతపత్రం రాష్ట్ర అప్పు 6.71 లక్షల కోట్ల రూపాయలంది. ప్రతిపక్షం ఆ లెక్క ఒప్పుకోలేదు. ఒక రాష్ట్రం తనకున్న అప్పు ఎంతో కూడా ఏకాభిప్రాయంతో చెప్పుకోలేకపోవడం బాధాకరం.

పటాన్‌చెరు మాత్రం ఆర్థికవేత్తను ఇంకో ప్రశ్న కూడా అడగాలి. నీ లెక్కలోకి రానిదేమిటి? ఎగుమతి డాలర్లు లెక్కలోకి వచ్చాయి. ఫ్యాక్టరీల వ్యర్థాలు మోసి మంజీరలో కలిసిన నక్కవాగు రాలేదు. ఆ కాలుష్యం మీద 1990లోనే సుప్రీంకోర్టులో పిటిషన్ పడింది. అంటే సంస్కరణలకంటే ముందే ఈ గోడు కోర్టు మెట్లెక్కింది. ఉమ్మడి శుద్ధి ప్లాంటు 1994లో గానీ రాలేదు. 2025 జూన్ 30న పాశమైలారంలో సిగాచి ప్లాంటు పేలి 40 మందికి పైగా కార్మికులు చనిపోయారు. వాళ్లలో చాలామంది బిహార్, ఒడిశా వంటి రాష్ట్రాల నుంచి పొట్ట చేత పట్టుకుని వచ్చినవారు. ఏ స్థూల ఉత్పత్తి అంకెలోనూ వాళ్ల నష్టం కనిపించదు.

అలా చూడగలిగిన ఆర్థికవేత్తలు ఈ నేల మీదే పనిచేశారు. 1972లో పటాన్‌చెరులో వెలిసిన అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్, 1975లో గ్రామ అధ్యయనాలు మొదలుపెట్టింది. మహబూబ్‌నగర్ జిల్లా ఔరేపల్లి వంటి ఊళ్లలో పరిశోధకులు కాపురముండి, ఇంటింటి రాబడి, ఖర్చు, కూలి, అప్పు ఏళ్ల తరబడి రాసుకున్నారు. ప్రపంచంలోని పెద్ద ఆర్థికవేత్తలు ఇవాళ్టికీ ఆ లెక్కల మీద ఆధారపడుతున్నారు. ఆర్థిక శాఖకు కావలసింది ఆ అలవాటున్న మనిషి. ఉదాహరణకు, 2025 సెప్టెంబరు 22 నుంచి మందుల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5కు దిగింది. రోగికి మంచిదే. చాలా ముడి రసాయనాల మీద 18 శాతం అలాగే ఉంది. కట్టిన పన్ను రీఫండుగా తిరిగొచ్చేదాకా చిన్న యూనిట్ డబ్బు ఇరుక్కుపోతుంది. ఈ ఇబ్బంది పుస్తకంలో ఒక్క పేరా. షెడ్డులో అది నెల జీతాలు.

కాబట్టి ఈ కాలమ్ తీర్పు ఇది. ఆర్థికవేత్తను మంత్రిగా పెట్టడం మంచిదే, మూడు షరతుల మీద. ప్రభుత్వ యంత్రంలో పనిచేసిన అనుభవం ఉండాలి. నియమించిన ముఖ్యమంత్రి గానీ ప్రధాని గానీ నింద తన మీద వేసుకోవడానికి సిద్ధపడాలి. లెక్కల్లోకి రాని నీటిని, ప్రాణాలను లెక్కలోకి తెచ్చే పట్టుదల ఉండాలి. ఇవి లేకపోతే అనుభవమున్న రాజకీయ నాయకుడూ, అతని పక్కన భయపడకుండా కాదని చెప్పగల కార్యదర్శీ మేలు.

అంతవరకు చేయగలిగిన పని ఒకటుంది. వచ్చే రాష్ట్ర బడ్జెట్ పత్రాల్లో పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం, జిన్నారం పారిశ్రామిక ప్రాంతాలకు ఒక పేజీ కేటాయించాలి. ఇక్కడి నుంచి వచ్చిన పన్ను ఎంత, వాగుల శుద్ధికి, ఫ్యాక్టరీల తనిఖీకి, ప్రమాద బాధితులకు తిరిగి ఖర్చు పెట్టింది ఎంత అన్నది ఆ పేజీలో రాయాలి. సంగారెడ్డి జిల్లా ఎమ్మెల్యేలు పార్టీలతో పని లేకుండా ఆ పేజీని సభలో అడగాలి. అడిగారో లేదో ఇక్కడి ఓటర్లు చూడాలి.