అంతర్జాల పత్రికలు – ప్రతిలేఖన ధర్మము

గ్రంథము నిలుచుటకు కవిప్రతిభ యొక్కటియే చాలదు. ప్రతి వ్రాసికొన్నవాని చేయియు తోడు కావలెను. నన్నెచోడుని కుమారసంభవము చిరకాలము మరుగున పడియుండి, 1909లో మానవల్లి రామకృష్ణకవిగారు ప్రథమభాగమును ప్రకటించినప్పుడు లోకమునకు తెలిసినది. పేరైన మిగులని లేఖకుడొకడు ఎన్నడో దానిని వ్రాసియుండనిచో, ఆ కవి కాలమును గూర్చి మన విమర్శకులు చేసిన వాదములకు తావే లేకపోయెడిది. బ్రౌనుదొర కడపలో పండితులకును లేఖకులకును జీతములిచ్చి తాళపత్రములను కాగితముల కెక్కించుటలోని పరమార్థము నిదియే.

గడచిన పాతికేండ్లలో తెలుగు సాహిత్యమున గణనీయమగు భాగము అంతర్జాలమున వెలువడినది. 1998లో మొదలైన ‘ఈమాట’ మొదలు నిన్నమొన్నటి పత్రికల వరకు కథలు, ఛందోవ్యాసములు, గ్రంథవిమర్శలు పెక్కు అచ్చు మొగము చూడనేలేదు. ఈ పత్రికల ఉనికి అద్దె యింటి కాపురము వంటిది. వెబ్‌సైటు పేరునకొక రుసుము, అది నిలిచియుండు సర్వరునకొక రుసుము ఏటేట చెల్లవలెను. సంపాదకుడు వృద్ధుడైనను, చెల్లింపు మరచినను, సర్వరు నడుపు సంస్థ తన వ్యాపారము చాలించినను పత్రిక మాయమగును. తాటియాకు మెల్లగా శిథిలమగును గనుక చూచినవాడు జాగ్రత్తపడుట కవకాశముండును. ఇచ్చట నిన్న చదివిన పుట నేడుండదు.

ఇది వట్టి భయము కాదు. 1994లో పుట్టి లక్షలాది సామాన్యుల రచనలకు నెలవైన జియోసిటీస్‌ను యాహూ సంస్థ 2009 అక్టోబరు 26న మూసివేసెను. స్వచ్ఛందసేవకులు ముందుగా మేలుకొని తీసికొన్న ప్రతులే నేడు మిగిలినవి. అదే సంస్థ తన చర్చాసమూహములను 2020 డిసెంబరులో మూసినది. తెలుగు ఛందస్సు, భాష, కథ మున్నగు విషయములపై సంవాదము సాగించిన ‘రచ్చబండ’ యాహూ సమూహముగా నడచినదే యని మరువరాదు.

కాబట్టి ప్రతి తీయవలెననుటలో వివాదము లేదు. దేనికి ప్రతి తీయవలెను? విమర్శకుడు విచారింపవలసిన ప్రశ్న యిది. వ్యాసమును మాత్రము తీసి దాచుకొన్న చాలునని పలువురి అభిప్రాయము. అది తగదు. అంతర్జాల పత్రికలో రచన క్రిందనే పాఠకుల అభిప్రాయములుండును. పద్యములోని గణభంగమునొకరు చూపుదురు. రచయిత అంగీకరించును, లేదా ప్రతివాదము చేయును. పిమ్మట మూలమునే దిద్దును. ద్వితీయ ముద్రణమను మాట ఎచ్చటను కనబడదు. దిద్దినదేదో తెలిసికొనుటకు ఆ క్రింది సంవాదమే ఆధారము. దానిని విడిచి వ్యాసమును మాత్రము కాపాడుట, వ్యాఖ్యానమును చింపివేసి మూలమును దాచుట వంటిది.

దీనివలన పాఠాంతరముల సమస్య మరల మన ముంగిటికి వచ్చినది. 1996లో స్థాపితమైన ఇంటర్నెట్ ఆర్కైవ్ పుటల ప్రతులను తేదీలతో దాచుచు, 2001 నుండి వేబ్యాక్ మెషీన్ ద్వారా పాఠకులకందించుచున్నది. ఒకే వ్యాసమునకు వేర్వేరు తేదీల ప్రతులు దొరకినచో వానిని పోల్చి పాఠనిర్ణయము చేయవచ్చును. పరిష్కర్తకు ఇంతకంటె భాగ్యమేమి? కాని ఆ యంత్రము ప్రతి పుటను చేరునన్న నియమము లేదు. చిత్రములు తప్పిపోవును, లోపలి పుటలు మిగిలిపోవును.

లిపి సంగతియు నిట్టిదే. యూనికోడ్ వ్యాపింపక పూర్వము ఒక్కొక్క పత్రిక తనకొక ఫాంటు నేర్పరచుకొనెను. ఆ ఫాంటు లేనిచో తెలుగుకు బదులు అర్థములేని రోమన్ అక్షరములు కనబడును. అట్టి పత్రికకు ప్రతి తీయువాడు ఫాంటును కూడ దాచవలెను. లేనిచో తాళము చెవి పారవేసి భోషాణమును భద్రపరచినట్లగును.

ప్రాచీన లేఖకుడు గ్రంథాంతమున తన పేరు, సంవత్సరము, తిథి చెప్పుకొని, చూచినది చూచినట్లు వ్రాసితినని విన్నవించుకొనెడివాడు. నేటి ‘వార్క్’ అను భద్రణరూపము ఆ పని చేయుచున్నది. పుటతో పాటు అది ఏ చిరునామా నుండి, ఏ తేదీన, ఏ గడియలో వచ్చినదో అందు నమోదగును. ప్రతి తీయువారు దీనిని పాటించుట మేలు. తేదీ లేని ప్రతికి సాక్ష్యబలము తక్కువ.

అన్నియు దాచనేల, కాలమే తాలు గింజలను చెరిగివేయునుగదా యని కొందరందురు. తాళపత్రముల కాలమున చెరిగినవాడు చదువరి. నచ్చినదానికి ప్రతి వ్రాసికొనెను, నచ్చనిదానిని విడిచెను. కొంత యాదృచ్ఛికము కలసినను అందొక అభిరుచి పనిచేసినది. ఇచ్చట చెరుగునది చెల్లింపని రుసుము. దానికి రసజ్ఞత లేదు. దాని తీర్పును సాహిత్య చరిత్రగా అంగీకరింప వీలులేదు.

గ్రంథాలయములకైనను ఈ గండము తప్పలేదు. రాజ్ రెడ్డిగారి వంటివారి పూనికతో లక్షలాది గ్రంథములను చేర్చిన డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వెబ్‌సైటు 2017 నాటికి పాఠకులకందకుండ పోయినది. అందలి తెలుగు పుస్తకములలో పెక్కింటిని నేడు మనము చదువగలుగుట, వాని ప్రతులు ఇంటర్నెట్ ఆర్కైవ్‌నకు చేరినందువలననే. ఒక్కచోట నున్నది ఎంత గొప్ప సంస్థ చేతిలోనున్నను నిలిచినట్లు కాదు.

కావున సంపాదకులు సంచిక వెలువరించిన నాడే, రచయితల అనుమతితో, అభిప్రాయములు, చిత్రములు, ఫాంట్లు, తేదీలతో కూడిన సమగ్ర ప్రతిని కనీసము రెండు గ్రంథాలయములకు పంపవలెను. విశ్వవిద్యాలయములు, అకాడమీలు దానిని స్వీకరించు ఏర్పాటు చేయవలెను. విమర్శకుడు తాను ఉదాహరించిన పుటకు తానే ప్రతి తీసియుంచవలెను. మూలము చూపలేని విమర్శ రేపటి పాఠకునకు వదంతి మాత్రమే యగును.