ఎవరి నోట ఎవరి కథ? – పాల్ లెదూక్ చిత్రాలు

వస్తువు అభ్యుదయకరమైతే చాలు, శిల్పం తనంతట తానే సమకూరుతుందన్న నమ్మకం మన రచయితల్లో ఇంకా బలంగానే ఉంది. దోపిడీని చూపించాం, దోపిడీదారుణ్ణి దుయ్యబట్టాం, చివర ఎర్రని సూర్యుణ్ణి ఉదయింపజేశాం. ఇంకేం కావాలి అంటాం. ఈ ధోరణి ఎంత చాలనిదో మెక్సికో దర్శకుడు పాల్ లెదూక్ చిత్రాలు చూశాక నాకు మరింత స్పష్టమైంది. సాహిత్య పత్రికలో సినిమా గొడవ ఎందుకని కొందరు అనుకోవచ్చు. పీడితుల జీవితాన్ని, వాళ్లలో ఒకడు కానివాడు ఎలా చెప్పాలి? ఆయన కృషినంతటినీ నడిపించిన ప్రశ్న ఇదేనని నా అభిప్రాయం. మధ్యతరగతి నుంచి వచ్చి రైతు గురించి, కూలీ గురించి రాస్తున్న మనందరి ప్రశ్న కూడా ఇదే.

లెదూక్ 1942లో మెక్సికో నగరంలో పుట్టాడు. పారిస్‌లో చలనచిత్ర కళ చదివి తిరిగి వచ్చేసరికి స్వదేశపు స్టూడియోల తలుపులు కొత్త దర్శకులకు దాదాపు మూసుకునే ఉన్నాయి. ఆ తలుపులు తడుతూ కూర్చోకుండా 1968 విద్యార్థి ఉద్యమంలో చేరి, సమ్మె మండలి తరఫున మిత్రులతో కలిసి చిన్న చిన్న ప్రకటన చిత్రాలు తీశాడు. ఆ ఏడాది అక్టోబరు 2న, ఒలింపిక్ క్రీడలకు సరిగ్గా పది రోజుల ముందు, ట్లాటెలోల్కో కూడలిలో సభ జరుపుకుంటున్న విద్యార్థుల మీద సైన్యం కాల్పులు జరిపింది. పత్రికలూ టెలివిజనూ చాలావరకు పాలకుల మాటే పలికాయి. కాబట్టి స్వతంత్ర చిత్రం ఆ తరానికి ఒక అభిరుచి కాదు, అవసరం.

ఆయనకు పేరు తెచ్చిన మొదటి చిత్రం ‘రీడ్: తిరగబడిన మెక్సికో’. స్టూడియోల అండ లేకుండా 16 మిల్లీమీటర్ల ఫిల్ముపై 1970లో తీశాడు. అది 1973లో గాని విడుదల కాలేదు. జాన్ రీడ్ అనగానే మనకు రష్యా విప్లవపు ఆ పది రోజులే గుర్తుకొస్తాయి. అంతకు ముందే, 1913–14లో, ఆయన విలేఖరిగా మెక్సికో విప్లవ సైనికుల వెంట తిరిగాడు. ఆ విప్లవం పేరు చెప్పుకుంటూనే ఒక పార్టీ దశాబ్దాలుగా మెక్సికోను ఏలుతూ, విప్లవాన్ని కూడలిలో విగ్రహంగా నిలబెట్టింది. లెదూక్ ఆ విగ్రహాన్ని కిందికి దించాడు. పాత ఛాయాచిత్రాల గోధుమవన్నెలో సాగే ఈ చిత్రంలో వీరాలాపాలు లేవు. యుద్ధం కన్నా ఎదురుచూపులు, అలసట, పిచ్చాపాటీ ఎక్కువ. విల్లా పాత్రను ధరించినవాడు కూడా ఎరాక్లియో సెపేదా అనే రచయితే. చిత్రం చివర రీడ్ ఒక దుకాణం అద్దం పగలగొట్టి కెమెరా తీసుకుంటాడు. చూసేవాడు పాల్గొనేవాడు కావడం ఆ ఒక్క చేష్టలో ఉంది. అతను తుపాకి పట్టలేదు, తన పనిముట్టునే పట్టాడు. నిబద్ధత గురించి మనం రాసిన ఎన్నో వ్యాసాలకన్నా ఆ దృశ్యం నాకు ఎక్కువ చెప్పింది.

అయితే నా దృష్టిలో ఆయన శ్రేష్ఠ కృషి 1977 నాటి డాక్యుమెంటరీ ‘ఎత్నోసీదియో: మెస్కితాల్ గురించి గమనికలు’. ఒక జాతి జీవన విధానాన్నే తుడిచిపెట్టడం అని ఆ మాటకు అర్థం. ఇదాల్గో రాష్ట్రంలోని మెస్కితాల్ లోయ ఒతోమీ ఆదివాసుల నేల. వానలు తక్కువ. రాజధాని నగరపు మురుగునీరే అక్కడి పొలాలకు పారుదల నీరు. సామాజిక శాస్త్రవేత్త రోజెర్ బార్త్రాతో కలిసి తయారుచేసుకున్న ఈ చిత్రాన్ని లెదూక్ కథగా నడపలేదు, పెద్దబాలశిక్షలా నడిపాడు. అక్షరానికొక మాట, మాటకొక అధ్యాయం. ‘బి’ అంటే బూర్జువా వర్గం, ‘సి’ అంటే వర్గాలు. ఆ మాటల కింద లోయ ప్రజలు తమ బతుకును తామే చెబుతారు.

ఈ అక్షరమాల చమత్కారం కోసం పెట్టింది కాదు. ఆదివాసి బిడ్డకు స్పానిష్ నేర్పడమే ప్రగతి అని అక్కడి రాజ్యం చాలాకాలం నమ్మింది. ఏ అక్షరమాలతో ఆ బిడ్డ భాషను వెనక్కి నెట్టారో ఆ అక్షరమాలనే దర్శకుడు తిప్పి పట్టుకుని పాలకులకు పాఠం చెప్పాడని నాకు తోచిన అర్థం. ఇది రాస్తుంటే నా ఉద్యోగపు తొలి రోజులు గుర్తొస్తున్నాయి. ఏజెన్సీ బడిలో కోయ పిల్లలకు బొమ్మ చూపించి తెలుగు అక్షరాలు దిద్దించాను. ఆ బొమ్మకు వాళ్ల ఇంట్లో వేరే పేరు ఉంటుంది. ఆ పేరేమిటని నేను ఒక్కనాడూ అడగలేదు. తెలుగు ఎం.ఏ. చదివినవాణ్ణి, అభ్యుదయవాదినని చెప్పుకునేవాణ్ణి!

చిత్రంలో లోపాలు లేవనను. అక్షర క్రమం కార్యకారణ క్రమం కాదు. భూమి పోవడానికీ, వలసకీ, కర్మాగారపు కూలికీ మధ్యనున్న లంకెను ప్రేక్షకుడే కలుపుకోవాలి. అంతకన్నా చిక్కు ప్రశ్న డబ్బుది. ఈ చిత్రానికి కెనడా జాతీయ చలనచిత్ర మండలితోపాటు మెక్సికో విద్యాశాఖ కూడా భాగస్వామి. 1968లో హోంమంత్రిగా ఉన్న ఎచెవెరియాయే 1970లో అధ్యక్షుడై యువదర్శకులకు ప్రభుత్వ నిధులు అందుబాటులోకి తెచ్చాడు. అసమ్మతిని కొనివేయడానికి అదొక మార్గమన్న అనుమానం సహజమే. కాని ఆ సొమ్ముతోనే ‘జాతిహననం’ అని పేరు పెట్టి చిత్రం తీసినవాణ్ణి కొనుక్కున్నారని ఎలా అంటాం? స్వాతంత్ర్యానికి గీటురాయి డబ్బు ఎవరిదన్నది ఒక్కటే కాదు. చివరకు మాట ఎవరిది అన్నది కూడా.

1980లో ఎల్ సాల్వదోర్ పోరాటం మీద డాక్యుమెంటరీ తీశాక లెదూక్ ఎక్కువగా కథాచిత్రాలవైపు వెళ్లాడు. చిత్రకారిణి ఫ్రీదా కాహ్లో మీద 1983లో తీసిన చిత్రంలో సంభాషణలు చాలా తక్కువ. పనామాపై అమెరికా దాడిని చెప్పే 1993 నాటి ‘డాలర్ మాంబో’ దాదాపు సంగీత నృత్యాలతోనే సాగుతుంది. సినిమా అనే డైనోసార్ చచ్చిపోతున్నా, తక్కువ ఖర్చుతో తీసి సంఘాల్లో, బడుల్లో చూపించుకునే బల్లుల్లాంటి చిన్న చిత్రాలు బతుకుతాయన్నది ఆయన వాదన. ఆ వాదన నాకు సమ్మతమే. మాటలు లేని చిత్రాల విషయంలో మాత్రం నాకు పేచీ ఉంది. మెస్కితాల్ రైతుకు నోరిచ్చిన దర్శకుడు తర్వాత నోళ్లన్నీ మూయించాడేమో అనిపిస్తుంది. ఆ దృశ్యాల అందాన్ని కాదనలేను. కాని అందులో వినబడే గొంతు దర్శకుడిదే.

లెదూక్ 2020లో మరణించాడు. ఆయన్ను అనుకరించమని నేను చెప్పడం లేదు. పీడితుడి గురించి రాసేటప్పుడు, వాడి మాట ఏ వాక్యంలో వినబడుతోందో, ఏ వాక్యంలో వాడి నోటిని మన మాట నొక్కేసిందో ఒకసారి చూసుకోమంటున్నాను. బొమ్మకు పేరు చెప్పే ముందు, మీ ఇంట్లో దీన్ని ఏమంటారని అడగడం నేర్చుకోవాలి. శిల్పం అక్కడ మొదలవుతుంది. నాకది ఆలస్యంగా తెలిసింది.